బెజవాడ లెక్కలు: పాత మునిసిపల్ గణాంకాలు ఎంతవరకు సాక్ష్యం?

1901 మార్చి 1 నాటి జనాభా లెక్కల్లో బెజవాడ జనం 24,224. అదే లెక్కలో కాకినాడకు 48,096 మంది, బందరుకు 39,507, రాజమండ్రికి 36,408, ఏలూరుకు 33,521, గుంటూరుకు 30,833 మంది తేలారు. ఈ ఆరు డెల్టా పట్టణాలను వరసలో నిలబెడితే బెజవాడది చివరి స్థానం. యాభై ఏళ్లకు, 1951లో, వరస తారుమారైంది. బెజవాడ 1,61,198 మందితో ముందుకొచ్చింది. గుంటూరు 1,25,255 దగ్గర ఉంది. కాకినాడ 99,952 దగ్గర, లక్షకు అంగుళం దూరంలో ఆగింది. బందరు జనం 77,953.

ఈ మార్పుకు మనందరి నోటా ఉన్న వివరణ ఒకటే: ఆనకట్ట కట్టారు, రైలు వచ్చింది, బెజవాడ పెరిగింది, బందరు చితికిపోయింది. సభల్లో, సంచికల్లో, పాఠ్యపుస్తకాల్లో ఈ మాట ఎన్నోసార్లు విన్నాం. అది తప్పని నేను అనడం లేదు. పాత పురపాలక పద్దులు, జనాభా పట్టికలు ఆ మాటలో ఎంత భాగానికి నిజంగా సాక్ష్యమిస్తాయో, ఎక్కడి నుంచి మనం ఊహతో పూరిస్తున్నామో విడదీసి చూడాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. ఏ ఊరి చరిత్ర రాసేవారికైనా ఈ పని తప్పదు. బెజవాడ ఇక్కడ ఒక ఉదాహరణ.

ముందుగా "బందరు చితికిపోయింది" అన్న మాట. 1901 నుంచి 1951 వరకు బందరు జనాభా దాదాపు రెట్టింపయింది. అదే కాలంలో కాకినాడ కూడా రెట్టింపు కంటే కాస్త ఎక్కువగా పెరిగింది. గుంటూరు నాలుగింతలయింది, బెజవాడ ఆరున్నర రెట్లు దాటింది. కాబట్టి బందరు తగ్గలేదు, పక్క ఊళ్లు దానికంటే వేగంగా పెరిగాయి. రేవు వ్యాపారం పడిపోవడం వేరే సంగతి. అది రేవు ఎగుమతి దిగుమతుల పద్దుల్లో తేలాల్సింది. జనాభా పట్టిక చూపించి ఊరి వర్తకం చచ్చిపోయిందనడం చెల్లదు. 1864 తుపానులో వేలాదిమందిని పోగొట్టుకున్న ఊరి గురించి మాట్లాడేటప్పుడు ఇంకా జాగ్రత్త అవసరం. ఎందుకంటే మద్రాసు రాజధానిలో అన్ని జిల్లాలకూ కలిపి క్రమబద్ధమైన జనాభా లెక్క జరిగింది 1871లో, అంటే తుపాను వచ్చి ఏడేళ్లు గడిచాక. మన వరస ఆ దెబ్బ తగిలిన తర్వాత మొదలవుతుంది.

ఇక ఆనకట్ట. కృష్ణ మీద ఆనకట్ట 1855కే పూర్తయింది. నలభై ఆరేళ్ల తర్వాత కూడా బెజవాడ బందరు కంటే చిన్న ఊరే. ఆనకట్ట నీరు పారింది డెల్టా పల్లెలకు. దాని ఫలం ముందు పొలాల్లో, ధాన్యంలో కనిపించాలి. పట్టణం పెరగడానికి అదొక్కటే చాలి ఉంటే 1901 లెక్క ఇలా ఉండేది కాదు. రైలు సంగతి కొంత భిన్నం. హైదరాబాదు వైపు నుంచి వచ్చిన లైను 1889లో బెజవాడ చేరింది, కృష్ణ మీద రైలు వంతెన 1893లో తయారైంది. బెజవాడ మునిసిపాలిటీ ఏర్పడింది 1888లో. ఈ మూడూ అయిదారేళ్ల వ్యవధిలో జరిగాయి. ఒకదాని వెంట ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణమని రుజువు కాదు. కానీ కాలం కుదిరింది కాబట్టి పరీక్షించదగ్గ ప్రతిపాదన అవుతుంది.

పదేళ్లకోసారి వచ్చిన అంకెలు ఇవి: 1901లో 24,224, 1911లో 32,867, 1921లో 44,159, 1931లో 60,427, 1941లో 86,184, 1951లో 1,61,198. శాతాల్లోకి మారిస్తే మొదటి దశాబ్దంలో 36, తర్వాత 34, తర్వాత 37, తర్వాత 43, చివరి దశాబ్దంలో 87. ఇందులో అందరి కళ్లూ చివరి అంకె మీదే పడతాయి. నాకు మాత్రం 1911–21 మధ్య ఉన్న 34 చాలా విలువైనదిగా కనిపిస్తుంది.

1918లో ఇన్‌ఫ్లుయెంజా దేశాన్ని ఊపేసిన దశాబ్దం అది. ఆ పదేళ్లలో మొత్తం దేశ జనాభా కాస్త తగ్గింది. మద్రాసు రాజధాని పెరుగుదల రెండు శాతం చుట్టూ ఉంది. నిజాం రాజ్యంలో దాదాపు ఏడు శాతం తగ్గుదల. అటువంటి కాలంలో ఒక పట్టణం 34 శాతం పెరిగితే అది ఆ ఊళ్లో పుట్టిన పిల్లల వల్ల కాదు. అంత పెరుగుదల రావాలంటే చావుల కంటే పుట్టుకలు ఏటా వెయ్యికి ముప్పై దాకా ఎక్కువ ఉండాలి. ఆనాటి మన దేశంలో మామూలు సంవత్సరాల్లో కూడా ఆ తేడా అందులో సగమైనా ఉండేది కాదు. కాబట్టి రెండే దారులు మిగులుతాయి. బయటివాళ్లు వచ్చి ఊళ్లో చేరి ఉండాలి, లేదా ఊరి హద్దు జరిగి చుట్టుపక్కల పల్లెలు లెక్కలోకి వచ్చి ఉండాలి. రెండూ కొంత కొంత కావచ్చు కూడా. ఈ రెంటినీ విడదీసే శక్తి జనాభా పట్టికకు లేదు. దానికి హద్దుల నోటిఫికేషన్లు కావాలి. అవి ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజెట్‌లోనూ, స్థానిక పురపాలక శాఖ జీవోల్లోనూ వెతకాలి. ఆ కాగితాలు చూడకుండా "రైలు వల్ల వలస" అని రాయడం తొందరపాటు.

హద్దు గొడవ ఎంత పెద్దదో ఇటీవలి ఉదాహరణలతో సులువుగా తెలుస్తుంది. 1985లో గుణదల, పటమట, భవానీపురం పంచాయతీలు విజయవాడ నగరపాలక సంస్థలో కలిశాయి. అంతకు ముందు, తర్వాత జనాభాను పక్కపక్కన పెట్టి వృద్ధి రేటు కట్టేవారు కలిసిన ఊళ్లను ముందు లెక్కలో కూడా చేర్చాలి, లేదా తర్వాతి లెక్కలోంచి తీసెయ్యాలి. హైదరాబాదులో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2001లో మునిసిపల్ కార్పొరేషన్ పరిధి జనాభా 34 లక్షల పైచిలుకు. 2011లో గ్రేటర్ హైదరాబాదు జనాభా 67 లక్షల పైచిలుకు. మధ్యలో 2007లో 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిశాయి. విస్తీర్ణం 170 చదరపు కిలోమీటర్ల చుట్టుపక్కల నుంచి 600 దాటింది. "పదేళ్లలో నగరం రెట్టింపయింది" అని ఎవరైనా రాస్తే వారు నగరాన్ని కొలవలేదు, నగరపాలక సంస్థను కొలిచారు. ఈ పొరపాటు ఇప్పుడు మన కళ్లముందు జరిగింది కాబట్టి పట్టుకోగలుగుతున్నాం. 1911లో జరిగినది పట్టుకోవాలంటే కాగితం తప్ప ఆధారం లేదు.

హైదరాబాదు పాత లెక్కలతో ఇంకో చిక్కుంది. 1901 లెక్కల్లో నగరానికి చూపిన నాలుగు లక్షల నలభై ఎనిమిది వేల చిల్లర జనంలో మూసీకి దక్షిణాన ఉన్న నగరం, ఉత్తరాన చాదర్‌ఘాట్, రెసిడెన్సీ బజార్లు, సికింద్రాబాద్, బొల్లారం కంటోన్మెంట్లు అన్నీ ఉన్నాయి. పాలన చూస్తే ఇవి వేరు వేరు చేతుల్లో ఉన్నాయి. బల్దియా నివేదికలో ఉన్న పన్ను వసూలును ఈ మొత్తం జనాభాతో భాగించి తలసరి పన్ను తీస్తే వచ్చేది అర్థం లేని అంకె. పైన ఉన్న రూపాయలు ఒక హద్దువి, కింద ఉన్న మనుషులు ఇంకో హద్దువారు. ఇటువంటి చోట 1910ల్లో లియొనార్డ్ మన్ నాయకత్వంలో తయారైన నగర పటాలు పెద్ద దిక్కు. అంకెలకు ముందు పటం తెరవాలని నా గట్టి నమ్మకం.

బెజవాడకు తిరిగి వద్దాం. 87 శాతం ఉన్న ఆ చివరి దశాబ్దం మాటేమిటి? అక్కడ ఒకటి కాదు, నాలుగైదు సంగతులు కలిసిపోయాయి. యుద్ధకాలం ఉంది. ధాన్యం వ్యాపారం, కంట్రోళ్లు ఉన్నాయి. 1946 నుంచి తెలంగాణ పల్లెల్లో సాగిన పోరాటం, రజాకార్ల దాడులు, వాటి నుంచి తప్పించుకొని సరిహద్దు దాటి కృష్ణా జిల్లాకు వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. వీటికి తోడు లెక్కించే పద్ధతే మారింది. 1931 వరకు మన జనాభా లెక్క ఒక్క రాత్రిది. ఎన్యూమరేటరు ముందే ఇళ్లన్నీ తిరిగి పేర్లు రాసుకొనేవాడు. నిర్ణయించిన రాత్రి మళ్లీ తిరిగి, ఊళ్లో లేనివారిని కొట్టేసి, కొత్తగా వచ్చినవారిని చేర్చేవాడు. ఆ తిరుగుడుకు వీలుగా వెన్నెల రాత్రులను, జాతరలు తిరునాళ్లు లేని రోజులను ఎంచుకొనేవారు. రైళ్లలో ఉన్నవారిని, స్టేషన్లలో, సత్రాల్లో దిగినవారిని కూడా ఎక్కడివారిని అక్కడే రాసే ఏర్పాటు ఉండేది. బెజవాడ వంటి జంక్షనుకు ఇది చిన్న విషయం కాదు. బండి మారడానికి ఆగిన ప్రయాణికుడు కూడా ఆ రాత్రికి బెజవాడ మనిషే. 1941లో ఈ ఒక్క రాత్రి పద్ధతి వదిలేశారు. పైగా యుద్ధం మూలంగా పట్టికల తయారీని బాగా కుదించారు. అందువల్ల 1931 అంకెను, 1941 అంకెను, 1951 అంకెను ఒకే కొలపాత్రతో కొలిచినట్టు భావించరాదు. ఈ 87 శాతాన్ని ఏ ఒక్క కారణానికీ రాసివ్వలేం. రచయిత ఎవరైనా రాసిస్తే, మిగతా కారణాలను ఎలా తీసేశారని అడగాలి.

మరి వలసను పరీక్షించే మార్గాలు లేవా? ఉన్నాయి, కొంతమేరకు. జనాభా పట్టికలు ప్రతి పట్టణానికీ మగవారి, ఆడవారి సంఖ్య విడిగా ఇస్తాయి. పని కోసం ఒంటరిగా వచ్చే మగవారు ఎక్కువైతే ఆడ, మగ నిష్పత్తి చుట్టూ ఉన్న పల్లెల కంటే మగవారి వైపు వాలుతుంది. హద్దు జరిగి పల్లెలు కలిస్తే వాలదు, ఎందుకంటే పల్లె సంసారాలతో సహా వచ్చి కలుస్తుంది. ఇది చవకైన, మంచి పరీక్ష. అయితే కుటుంబాలతో వచ్చిన వలసను ఇది పట్టుకోలేదు. 1951 నుంచి వెలువడుతున్న జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కులు వార్డులవారీగా, గ్రామాలవారీగా చూడటానికి పనికొస్తాయి. అంతకు ముందు కాలానికి జిల్లా గెజిటీర్లకు అనుబంధంగా వచ్చిన గణాంక సంపుటాలు, గోర్డన్ మెకంజీ 1883లో వెలువరించిన కృష్ణా జిల్లా మాన్యువల్ ఉన్నాయి. మెకంజీ పుస్తకానికి ఒక ప్రత్యేక విలువ ఉంది. బెజవాడకు మునిసిపాలిటీ, వంతెన రెండూ రాకముందు ఈ జిల్లా ఎలా ఉందో చూపించే పుస్తకం అది.

పుట్టుక, చావు రిజిస్టర్లు

స్థానిక చరిత్ర రాసేవారిని అన్నిటికంటే ఎక్కువ ఆకర్షించేవి, అన్నిటికంటే ఎక్కువ తప్పుదారి పట్టించేవి ఇవే. పల్లెల్లో ఈ పని మునసబు, కరణాల మీద ఉండేది. పట్టణాల్లో మునిసిపల్ సిబ్బంది చూసేవారు. మద్రాసు రాజధానిలో దీనికి 1899లో ప్రత్యేక చట్టం వచ్చింది, దేశమంతటికీ ఒకే చట్టం 1969లో వచ్చింది. చట్టం ఉన్నంత మాత్రాన ప్రతి చావూ పుస్తకంలోకి ఎక్కిందనుకోకూడదు. ఒక ఏడాది నమోదైన చావులు హఠాత్తుగా పెరిగితే రోగం ప్రబలి ఉండవచ్చు. కొత్తగా వచ్చిన శానిటరీ ఇన్‌స్పెక్టరు శ్మశానాల దగ్గర గట్టిగా ఆరా తీసి ఉండవచ్చు కూడా. రెంటికీ పట్టికలో కనిపించే ఆకారం ఒకటే.

చావు కారణాల గళ్లు ఎలా ఉండేవో చూడండి: కలరా, మశూచి, జ్వరాలు, విరేచనాలు, గాయాలు, మిగతావి. తర్వాత్తర్వాత ప్లేగు, శ్వాసకోశ వ్యాధులు చేరాయి. కలరా, మశూచి లక్షణాలు ఇంటివాళ్లకే తెలుస్తాయి కాబట్టి ఆ గళ్లను కొంత నమ్మవచ్చు. "జ్వరాలు" మాత్రం ఒక పెద్ద గోనెసంచి. మలేరియా, టైఫాయిడ్, న్యుమోనియా, క్షయ, బాలింత జ్వరం అన్నీ అందులోకే వెళ్లేవి. 1918లో ఇన్‌ఫ్లుయెంజా చావులు చాలామటుకు ఆ గడిలోనే దాక్కున్నాయి. ఆ ఏడాది ఒక పట్టణంలో ఇన్‌ఫ్లుయెంజా ఎంత తీవ్రంగా వచ్చిందో తెలుసుకోవాలంటే వ్యాధి పేరు కోసం వెతకడం కంటే, ముందు అయిదారేళ్ల సగటు మరణాలు తీసి, 1918 చివరి నెలల మొత్తం మరణాల్లోంచి తీసివేయడం మేలు. వచ్చే అంకె కూడా అంచనాయే, కానీ దాని తప్పు ఎటువైపు ఉంటుందో మనకు తెలుసు: నమోదు కాని చావుల మేరకు అది తక్కువ చూపుతుంది.

రేట్ల దగ్గర ఇంకో గొయ్యి ఉంది. ఆనాటి నివేదికల్లో వెయ్యికి ఇన్ని మరణాలు అని ఇచ్చే రేటును సాధారణంగా గడిచిన జనాభా లెక్క మీదే కట్టేవారు. హారం పాతది, లవం కొత్తది. పెరిగే ఊరికి ఇది ఎంత అన్యాయం చేస్తుందో ఊహా ఉదాహరణతో చూద్దాం. 1910లో బెజవాడలో 900 మంది చనిపోయారనుకుందాం. ఇది కేవలం లెక్క కోసం అనుకున్న అంకె. 1901 జనాభా మీద కడితే వెయ్యికి 37 చావులు. కానీ 1911 లెక్కను కూడా తీసుకొని మధ్య సంవత్సరాలకు అంచనా వేస్తే 1910లో ఊళ్లో దాదాపు 31,900 మంది ఉండాలి. వారి మీద కడితే 28. మరుసటి ఏడాది కొత్త జనాభా లెక్క రాగానే నివేదికలో రేటు ఒక్కసారిగా పడిపోతుంది. పారిశుద్ధ్యం మెరుగుపడిందని, నీళ్లు బాగుపడ్డాయని పాలకులు రాసుకోవడానికి అవకాశం దొరుకుతుంది. మారింది హారం మాత్రమే. పాత నివేదికల నుంచి రేట్లను ఎత్తి రాసుకోవద్దని, అసలు మరణాల సంఖ్య రాసుకొని రేటు మనమే కట్టుకోవాలని నేను కనిపించిన ప్రతి యువ పరిశోధకుడికీ చెబుతుంటాను.

మన ఆచారాలు కూడా ఈ పుస్తకాల్లోకి చొరబడతాయి. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఇళ్లలో పద్ధతి. బిడ్డ పుట్టిన చోటే నమోదవుతుంది. కాపురం బెజవాడలో ఉన్నా, పుట్టుక పెనమలూరులోనో నూజివీడులోనో రాస్తారు. అందుచేత వలస వచ్చిన యువ కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఊరి జననాల సంఖ్య అసలు కంటే తక్కువగా కనిపించవచ్చు. చావులు ఇందుకు ఎదురు. పల్లెల నుంచి పెద్దాసుపత్రికి తెచ్చిన రోగి అక్కడే కన్నుమూస్తే ఆ చావు పట్టణం ఖాతాలో పడుతుంది. ఈ రెండూ కలిస్తే, పెద్దాసుపత్రి ఉన్న జిల్లా కేంద్రం ఉన్నదానికంటే రోగగ్రస్తంగా, గొడ్డుబోయినట్టుగా కాగితం మీద కనిపిస్తుంది. ఆడపిల్లల జననాలు నమోదు చేయించడంలో నిర్లక్ష్యం ఉందేమో చూడటానికి ఆ ఏడాది నమోదైన మగ, ఆడ శిశువుల నిష్పత్తి ఒక పరీక్ష. అది మామూలు ప్రకృతి నిష్పత్తికి బాగా దూరంగా ఉంటే, ఆ ఏడాది మొత్తం రిజిస్టరునే అనుమానంతో చూడాలి. పేరు గడిలో "ఆడశిశువు" అని మాత్రమే ఉన్న వరసలు ఆ పుస్తకాల్లో కనిపిస్తాయి. ఆ వరసలు చదువుతుంటే మనసు బరువెక్కుతుంది.

ఏడాది అంటే ఏ ఏడాది?

పాత కాగితాల్లో నాలుగైదు రకాల సంవత్సరాలు పక్కపక్కనే నడుస్తాయి. పారిశుద్ధ్య నివేదికల్లో మరణాలు జనవరి నుంచి డిసెంబరు వరకు. మునిసిపల్ జమాఖర్చులు ఏప్రిల్ నుంచి మార్చి వరకు. మద్రాసు రాజధానిలో భూమి శిస్తు, పంటల లెక్కలు జూలైలో మొదలయ్యే ఫసలీలో. నిజాం రాజ్యంలోనూ ఫసలీయే, కానీ అక్కడ ఏడాది అక్టోబరు మొదటి వారంలో, ఆజుర్ నెలతో మొదలయ్యేది. క్రీస్తు శకంలోంచి 590 తీసేస్తే ఫసలీ వస్తుందన్న సూత్రం అందరికీ తెలుసు. అది ఎప్పుడు చెల్లుతుందో తెలియకపోవడమే చిక్కు. మూసీ వరద వచ్చింది 1908 సెప్టెంబరు 28న. బెజవాడ తాలూకా కచేరీ పుస్తకంలో ఆ రోజు 1318 ఫసలీలో పడుతుంది. హైదరాబాదు దఫ్తరంలో ఇంకా 1317 నడుస్తోంది, కొత్త ఏడాదికి వారం రోజుల పైన ఉంది. సూత్రాన్ని నమ్ముకొని 1318 నివేదిక మాత్రమే తెరిచిన పరిశోధకుడికి వరద తర్వాతి ఖర్చులు దొరుకుతాయి, వరద నాటి ఏడాది దొరకదు. నిజాం రాజ్యానికి, మద్రాసు రాజధానికి మధ్య పోలిక చేసే వ్యాసాల్లో ఈ మూడు నెలల తేడా సరిచూసుకోకపోతే కరువు ఏడాది ఒకవైపు, మంచి పంట ఏడాది ఇంకోవైపు పడి, లేని తేడా పుట్టుకొస్తుంది.

రూపాయల సంగతి

ఊరి ఆర్థిక స్థితి తెలుసుకోవడానికి మునిసిపల్ ఆదాయం చూడటం అలవాటు. చూడవచ్చు. అయితే ఆదాయం ఏ పద్దుల నుంచి వస్తోందో ముందు తెలియాలి. ఉత్తరాదిలో, బొంబాయి రాజధానిలో, మధ్య పరగణాల్లో పట్టణంలోకి వచ్చే సరుకుల మీద ఆక్ట్రాయ్ వసూలు చేసేవారు. ఆ పద్దు చూసి ఊరికి వచ్చే ధాన్యం, నెయ్యి, బెల్లం అంచనా కట్టినవారున్నారు. మద్రాసు రాజధానిలో ఆక్ట్రాయ్ లేదు. కాబట్టి నాగపూరు మీద చేసిన అధ్యయనాన్ని నమూనాగా పెట్టుకొని బెజవాడ మీద అదే చేయబోతే చేతికేమీ రాదు. మన మునిసిపాలిటీలకు ఇంటి పన్ను, నీటి పన్ను, వృత్తి పన్ను, బండ్ల పన్నుతోపాటు రోడ్ల మీద టోల్ గేట్ల రాబడి ముఖ్యం.

ఈ టోల్ రాబడి స్థానిక రవాణాకు మంచి ఆనవాలు అని కొందరు భావిస్తారు. గేటును వేలంపాటలో కాంట్రాక్టరుకు ఇచ్చిన చోట్ల పద్దులో కనిపించేది పాట మొత్తం. గేటు దాటిన బండ్ల సంఖ్య కాదు. పాటలో పోటీ పెరిగితే బండ్లు పెరగకపోయినా రాబడి పెరుగుతుంది. పైగా 1931లో మద్రాసు మోటారు వాహనాల పన్ను చట్టం వచ్చి టోల్‌గేట్లను రద్దు చేసింది, బదులుగా స్థానిక సంస్థలకు పరిహారం ఇచ్చింది. ఆ తర్వాత టోల్ పద్దు ఖాళీ అవుతుంది, ప్రభుత్వ గ్రాంట్ల పద్దు ఉబ్బుతుంది. ఈ చట్టం సంగతి తెలియకుండా పట్టిక చూసినవారు ఆర్థిక మాంద్యంలో ఊరి రవాణా ఆగిపోయిందని, మునిసిపాలిటీ సర్కారు మీద ఆధారపడిందని రాసే ప్రమాదం ఉంది.

ఇంటి పన్ను విషయంలో వసూలు అంకె కంటే డి.సి.బి. పట్టిక మొత్తం చూడాలి. డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్ మూడూ పక్కపక్కన ఉంటే కథ తెలుస్తుంది. డిమాండ్ ఒక్కసారి ఎగిరిందంటే ఇళ్లు పెరిగాయని కాదు, ఆ ఏడాది రివిజన్ జరిగి ఉంటుంది. బ్యాలెన్స్ ఏటేటా పేరుకుంటే జనం చితికిపోయారో, వసూలు చేయాల్సినవారు చేతకానివారో, కౌన్సిలర్లు తమవారిని కాపాడుకున్నారో ఆ అంకె ఒక్కటే చెప్పలేదు. ధరల సంగతి సరేసరి. మొదటి ప్రపంచ యుద్ధం ముందు వెయ్యి రూపాయలు, తర్వాత వెయ్యి రూపాయలు ఒకటి కావు. బియ్యం ధరతోనైనా భాగించి చూడకుండా రెండు దశాబ్దాల ఆదాయాన్ని పోల్చకూడదు.

ఇంకొక్క మాట. ఆ పట్టికల్లో పేర్లు ఉన్నది కౌన్సిలర్లకు, చైర్మన్లకు, ఇంటి యజమానులకు. తెల్లవారకముందే దొడ్లు శుభ్రం చేసిన పాకీ పనివారు, వీధులు ఊడ్చినవారు ఖర్చు పద్దులో ఒక మొత్తంగా మాత్రమే కనిపిస్తారు. విలువ కట్టడానికి కూడా సరిపోని గుడిసెలు పన్ను పుస్తకంలోకే రావు. ఆ పుస్తకం చూసి ఊళ్లో ఎన్ని ఇళ్లున్నాయో చెబితే, పేదవాడల్ని మనం రెండోసారి చెరిపేసినట్టే. జనాభా లెక్కల్లోని ఇళ్ల సంఖ్యకు, పన్ను పుస్తకంలోని ఇళ్ల సంఖ్యకు మధ్య ఉన్న తేడాను చాలామంది దోషంగా చూస్తారు. నాకు ఆ తేడాయే పరిశోధనాంశం. పన్ను పరిధికి బయట బతికిన ఊరు ఎంతుందో తెలుసుకోవడానికి అదొక దారి. రెండు పుస్తకాల్లో "ఇల్లు" అంటే ఏమిటో నిర్వచనాలు వేరు కాబట్టి ఆ తేడాలో కొంత భాగం అసలు తేడా కాదన్న హెచ్చరికతో దాన్ని వాడుకోవాలి.

ఇన్ని జాగ్రత్తలు చెప్పాక బెజవాడ ప్రశ్నకు నేను ఇవ్వగల జవాబు ఇంతే. 1901–1951 మధ్య బెజవాడ మిగతా డెల్టా పట్టణాల కంటే చాలా వేగంగా పెరిగింది. ఇది గట్టి సంగతి, ఎందుకంటే అంకెల్లో పదో పరకో శాతం తప్పున్నా వరస మారదు. 1911–21 పెరుగుదల పుట్టుకల వల్ల వచ్చింది కాదు, ఇదీ గట్టిదే. ఆ పెరుగుదలలో రైలు పాత్ర ఉండి ఉండటం చాలా సంభవం. ఎంత పాత్ర అన్నది మునిసిపల్ పట్టికలు చెప్పలేవు. దానికి స్టేషనులో దిగిన, ఎక్కిన సరుకుల లెక్కలు, రైల్వే కంపెనీ నివేదికలు చదవాలి. ఆనకట్ట ఒక్కటే బెజవాడను నగరం చేసిందన్న మాటకు ఈ అంకెల మద్దతు లేదు.

ఈ కాగితాల్లో ఎక్కువ భాగం ఇంకా చదవగలిగిన చోటే ఉన్నాయి. మద్రాసు రాజధాని కాలపు జీవోలు, నివేదికల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు, నిజాం కాలపు దఫ్తరాల కోసం హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. పాత సెన్సస్ సంపుటాలు చాలావరకు డిజిటల్ రూపంలో దొరుకుతున్నాయి. దొరకనివి, రోజురోజుకూ పోతున్నవి పురపాలక ఆఫీసుల్లోని అసలు పుస్తకాలు: అసెస్‌మెంట్ రిజిస్టర్లు, వార్డుల హద్దుల పటాలు, జనన మరణ రిజిస్టర్ల పాత సంపుటాలు. అచ్చయిన నివేదికలో ఊరికి ఒక వరస ఉంటుంది. ఆ రిజిస్టర్లలో వీధికి ఒక పేజీ ఉంటుంది. చెదలు పట్టాయనో, చోటు లేదనో వాటిని తూకానికి వేసే ముందు ఒకసారి ఫోటోలైనా తీయించమని పురపాలక సిబ్బందిని చేతులెత్తి వేడుకుంటున్నాను. పాఠకులకూ ఒక విన్నపం. మీ ఇంట్లో తాతలనాటి ట్రంకుపెట్టెలో పాత ఇంటి పన్ను రసీదు ఏదైనా ఉంటే పారేయకండి. దాని మీద వార్డు నంబరు, అసెస్‌మెంట్ నంబరు, అర్ధ సంవత్సరం, కట్టిన మొత్తం ఉంటాయి. ఆ ఏడాది మీ వీధి ఊరి హద్దులోపల ఉందని చెప్పడానికి ఆ చిన్న కాగితం చాలు.